నా కుడికాలికి ఓ బహిరంగ లేఖ

శ్రీయుత కుడికాలు గారికి,

కొత్తింట్లోకైనా, అత్తారింట్లోకైనా ముందు మిమ్మల్నే పెట్టమన్నారు పెద్దలు. ఆ మర్యాద కాస్త తలకెక్కినట్టుంది. వాళ్ళు చెప్పింది గడప గురించండీ, యాక్సిలరేటర్ గురించి కాదు.

మొన్న శనివారం హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరామా, నార్కట్‌పల్లి దాకా మీరు బుద్ధిగానే ఉన్నారు. బండి 80లో పోతోంది, మైలేజీ మీటర్ 19 చూపిస్తోంది. ఇంతలో ఓ తెల్ల ఇన్నోవా సర్రున దాటింది. అంతే, ముల్లు 120కి ఎక్కింది, మైలేజీ 13కి దిగింది. మీరు పెంచిన వేగం ఒకటిన్నర రెట్లే. కానీ గాలి అలా లెక్కేసుకోదు. ఒకటిన్నరని ఒకటిన్నరతో హెచ్చవేసి, రెండుంపావు రెట్లు ఎదురు తోస్తుంది. ఆ తోపుడుకి ఎదురెళ్ళేది మీరు కాదు, లీటరు వంద దాటిన నా పెట్రోలు.

తీరా కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర చూస్తే అదే ఇన్నోవా, మన ముందు రెండు బండ్ల అవతల!

సూర్యాపేట దాకా 50 కిలోమీటర్లనుకుందాం. ఎక్కడా బ్రేకు పడకపోయినా మీరు మిగిల్చేది 12 నిమిషాలు. తాగించింది లీటరుంపావు ఎక్కువ. ఆ 12 నిమిషాలూ ఏం చేశామయ్యా అంటే, కారం దోసె కోసం హోటల్లో 40 నిమిషాలు కూర్చున్నాం. దిగాక జామకాయలమ్మతో పది రూపాయల కోసం నోరు బేరమాడింది. దాన్నేం అనను, పాపం మీ అప్పే తీరుస్తోంది.

అలాగని నత్తనడక నడవమనట్లేదు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఫస్టూ సెకండూ గేర్లలో ఈడ్చినప్పుడు మీటర్ 8కి పడిపోయింది. బండి కదలకపోయినా ఇంజిన్ తాగుతూనే ఉంటుంది కదా. అందులో మీ తప్పేం లేదు, ఒప్పుకుంటున్నాను. క్లచ్ తొక్కీ తొక్కీ పీక్కుపోయిన ఎడమకాలు గారు అందుకు సాక్షి. టాప్ గేరులో 60 నుంచి 80 మధ్య మన బండికి హాయిగా ఉంటుంది. అక్కడ ఉండమనే అడుగుతున్నాను.

ఎల్లుండి తిరుగు ప్రయాణం. ఈ రాత్రికి మీకు కొబ్బరినూనె రాస్తాను.

ఇట్లు,
మీరు మోస్తున్న, మీ బిల్లు మోస్తున్న
యజమాని

తా.క.: మీకు కళ్ళు లేవు కదా, ఇన్నోవా దాటిపోతోందని మీకు చాడీలు మోస్తున్నదెవరు? పేరు చెబితే వాళ్ళకీ ఓ లేఖ రాస్తాను.