సవరణ: రెండు ఎంఎంఎస్‌లూ ఒకటి కావు

మొన్నటి పోస్టులో ఎంఎంఎస్ అంటే మైక్రోసాఫ్ట్ ఏటా జరిపే సదస్సు అని రాశాను, అది తప్పు, క్షమించండి. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎంఎంఎస్, అంటే మైక్రోసాఫ్ట్ మేనేజ్‌మెంట్ సమ్మిట్, చివరిసారి 2013లో లాస్ వేగాస్‌లో జరిగింది. మరుసటి ఏడు దాన్ని టెక్‌ఎడ్ అనే మరో మైక్రోసాఫ్ట్ సదస్సులో కలిపేశారు, 2015లో షికాగోలో ఇగ్నైట్ అనే కొత్త సదస్సు మొదలయ్యాక టెక్‌ఎడ్ కూడా అందులోనే కలిసిపోయింది. ఇప్పుడు ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ ఒకచోటి నుంచి చూసుకునే కాన్ఫిగరేషన్ మేనేజర్, ఇన్‌ట్యూన్ సాఫ్ట్‌వేర్ల మీద పనిచేసేవాళ్లు ఎంఎంఎస్‌కి వెళ్తున్నాం అంటే అది మిడ్‌వెస్ట్ మేనేజ్‌మెంట్ సమ్మిట్, 2014లో మిన్నెసోటాలో యూజర్ గ్రూప్ వాళ్లు, అంటే ఆ సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్ల సంఘం, మొదలుపెట్టినది. పొట్టి పేరు ఒకటే కావడంతో పొరబడ్డాను. నా పోస్టు చూసి, ఆఫీసులో అనుమతి అడిగే మెయిల్‌లో మైక్రోసాఫ్ట్ పేరు రాసినవాళ్లుంటే దయచేసి ఇవాళే మార్చండి. ఆ పోస్టులోనే చెప్పిన, సెషన్ అయ్యాక స్పీకర్ ల్యాప్‌టాప్ మూసేలోపే వెళ్లి మీ ఎర్రర్ లాగ్ చూపించి అడగండి అన్న మాట మాత్రం అలాగే ఉంచుతున్నాను.