కమిటీ అంటే న్యూటన్ వేసినట్టుండాలి

ఏ ఆరోపణ వచ్చినా మనవాళ్ళు వెంటనే కమిటీ వేస్తారు. నివేదిక మాత్రం రాదు. వీళ్ళందరికీ సర్ ఐజాక్ న్యూటన్ పాలనాదక్షత మీద శిక్షణ ఇప్పించాలి. గురుత్వాకర్షణ గొప్పదే, కాదనం. కానీ ఆయన అసలు ప్రతిభ 1712లో బయటపడింది.

తగువు కలన గణితం (కాలిక్యులస్) ఎవరిదని. న్యూటన్ తన పద్ధతిని 1665-66లోనే కనిపెట్టి, నలుగురు మిత్రులకు చూపించి, పూర్తిగా అచ్చు వేయడానికి 1704 దాకా ఆగారు. జర్మనీలో లైబ్నిట్జ్ తనంతట తాను కనిపెట్టి 1684లోనే అచ్చేయించేశాడు. ఎంత తొందరపాటు! న్యూటన్ వీరాభిమాని జాన్ కీల్ దాన్ని దొంగసొత్తన్నట్టు రాశాడు. లైబ్నిట్జ్ న్యాయం చేయమని లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి మొరపెట్టుకున్నాడు. తానూ అందులో సభ్యుడినే కదా అని ధీమా. అధ్యక్షుడెవరో ఒకసారి చూసుకోవాల్సింది.

అధ్యక్షుడు న్యూటన్.

మార్చిలో కమిటీ, ఏప్రిల్ 24కల్లా నివేదిక. ముగ్గురు సభ్యులైతే చివరి వారంలో చేరారు, అయినా పని ఆగలేదు. ఎందుకంటే నివేదిక రాసే శ్రమ వాళ్ళకు లేకుండా న్యూటనే రాసిపెట్టారు. సభ్యుల పేర్లు ప్రకటించలేదు. లైబ్నిట్జ్ వాంగ్మూలం అడగలేదు. ఫిర్యాదు చేసినవాణ్ణి మళ్ళీ ఇబ్బంది పెట్టడం మర్యాద కాదు కదా. మొదట కనిపెట్టింది న్యూటనే అని తేలింది.

అంతటితో వదిలేస్తే ఆయన న్యూటన్ ఎందుకవుతారు? 1715లో సొసైటీ పత్రికలో ఆ నివేదిక మీద సుదీర్ఘమైన సమీక్ష వచ్చింది. పేరు లేదు. రాసింది ఆయనే. తన కేసులో తానే సాక్షిగా ఉండటం ఏ దేశంలోనూ చెల్లదని అందులో లైబ్నిట్జ్‌కి నీతి కూడా చెప్పారు. తానే పెళ్ళికొడుకై, తానే పురోహితుడై, పెళ్ళి బాగా జరిగిందని తానే మెచ్చుకోవడం అందరికీ చేతనవుతుందా?

లైబ్నిట్జ్ మాత్రం తక్కువ తిన్నాడా! 1705లో పేరు లేకుండా న్యూటన్ పుస్తకాన్ని సమీక్షించి దెప్పాడు, 1713లో పేరు లేని కరపత్రమూ వదిలాడు. పాపం, చేతిలో సొసైటీ లేదు.

బ్రిటిష్ గణితజ్ఞులు స్వామిభక్తితో వందేళ్ళు, కలన గణితంలో న్యూటన్ గుర్తులుగా వాడిన చుక్కలనే పట్టుకుని యూరప్ కంటే వెనకబడ్డారు. 1812లో కేంబ్రిడ్జ్‌లో బాబేజ్, హెర్షెల్, పీకాక్ వంటి కుర్రాళ్ళు సంఘం పెట్టి మరీ లైబ్నిట్జ్ గుర్తులను దిగుమతి చేసుకున్నారు. ఇప్పుడు మన ఇంటర్ పిల్లలు కూడా లైబ్నిట్జ్ గుర్తుతో డీవై బై డీఎక్స్ అని నిర్భయంగా రాస్తున్నారు. కమిటీ తీర్పు మీద గౌరవముంటే అలా రాసిన ప్రతిసారీ అర మార్కు కోయాలి. బోర్డు పరిశీలించగలరు.