బ్యాటరీ వైరు పీకితే చెక్ ఇంజన్ లైట్ సమస్య తీరదు

పాత కార్లున్నవాళ్ళ ఫోన్లలో ఒక సలహా తెగ తిరుగుతోంది. "చెక్ ఇంజన్ లైట్ మాటిమాటికీ వస్తోందా? బ్యాటరీ నెగటివ్ వైరు పావుగంట తీసి పెట్టండి. మళ్ళీ వస్తే ఆక్సిజన్ సెన్సర్ మార్చండి. పాత బండికి ఇది మామూలే. బాగా నడుస్తుంటే టెన్షన్ అక్కర్లేదు." దీన్ని నమ్మి డబ్బు పోగొట్టుకుంటున్నవాళ్ళను చూస్తే బాధేస్తోంది. అందుకే ఒక్కొక్క మాటా విడిగా చూద్దాం.

వైరు తీస్తే లైటు ఆరడం నిజమే. కానీ చాలా కార్లలో దాంతోపాటు, ఏ రకం లోపమో సూచిస్తూ కారు కంప్యూటర్ నమోదు చేసుకున్న కోడ్ కూడా చెరిగిపోతుంది. కోడ్ పడిన సమయంలో ఇంజన్ ఎంత వేడిగా ఉంది, ఎన్ని ఆర్‌పీఎంల మీద తిరుగుతోంది, బండి ఎంత వేగంలో ఉంది అని కంప్యూటర్ దాచిపెట్టుకున్న 'ఫ్రీజ్ ఫ్రేమ్' కూడా పోతుంది. వచ్చిపోయే లోపాన్ని పట్టుకోవడానికి అంతకంటే మంచి ఆధారం లేదు. పైగా చాలా లోపాలు వరుసగా రెండు ప్రయాణాల్లో కనిపిస్తేనే లైటు వెలుగుతుంది. అందుకే వైరు తీశాక కొన్నాళ్ళు ఏమీ కనిపించదు, తగ్గిపోయిందని మనం అనుకుంటాం.

ఎక్కువ నష్టం చేసేది సెన్సర్ మార్చమనే మాట. పి0171 కోడ్ సంగతే చూడండి. మిశ్రమంలో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ ఉందని దాని అర్థం. ఆ కబురు మోసుకొచ్చింది, ఇంజన్ వదిలే పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్. చాలాసార్లు అది చెప్పేది నిజమే. గాలి ఎక్కడో అదనంగా దూరుతూ ఉండొచ్చు, ఇంజన్‌లోకి వెళ్ళే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్‌కు మురికి పట్టి ఉండొచ్చు, ఫ్యూయల్ పంపు బలహీనపడి ఉండొచ్చు. నా పాత కారుకు ఇదే కోడ్ వస్తే రెండుసార్లు ఆక్సిజన్ సెన్సర్ మార్పించాను. చివరికి దొరికింది ఇంజన్‌లోకి గాలి వెళ్ళే దారి (ఇన్‌టేక్) దగ్గర ఎండి పగిలిన ఒక రబ్బరు గొట్టం.

ఏ భాగమూ కొనకముందే కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చూస్తే చాలావరకు దారి దొరుకుతుంది. ఐడ్లింగ్‌లో అది +20 శాతం ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకి దిగితే ముందు గాలి లీకును అనుమానించాలి. లోడు పెరిగే కొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతుంటే పంపు, ఫిల్టరు వైపు చూడాలి. ఆక్సిజన్ సెన్సర్ నిజంగా పాడయ్యే సందర్భాలూ ఉన్నాయి. దాన్ని వేడిచేసే హీటర్ సర్క్యూట్ మీద పి0135 కోడ్ పడితే అనుమానించడం న్యాయమే, కానీ అప్పుడు కూడా ఫ్యూజు, వైరింగ్ చూశాకే సెన్సర్ మార్చాలి.

పాత బండికి మామూలే అనడంలో కొంత నిజముంది. రబ్బరు ఎండుతుంది, కనెక్టర్లకు తుప్పు పడుతుంది. అవన్నీ వెతికితే దొరికే లోపాలే.

ఇక బాగా నడుస్తోందన్న మాట. కంప్యూటర్ పెట్రోలు పెంచో తగ్గించో లోపాన్ని కప్పిపుచ్చగలదు కాబట్టి, కొన్ని లోపాలు నడిపేవాళ్ళకు అసలు తెలియవు. నిలకడగా వెలిగే లైటుతో జాగ్రత్తగా ఇల్లు చేరవచ్చు, ఆయిల్ ప్రెషర్ లైటు, టెంపరేచర్ ముల్లు సరిగా ఉన్నంతవరకు. కానీ లైటు మిణుకుమిణుకుమంటే అది తీవ్రమైన మిస్‌ఫైర్, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండడం లేదు. కాలని పెట్రోలు, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్ళి మండుతుంది, దాన్ని లోపలే కరిగించేయగలదు. అప్పుడు యాక్సిలరేటర్ తగ్గించి, వీలైన మొదటి చోటే బండి ఆపేయాలి.