రాయి మనదే, వాలు అందరిదీ

ఇంటి స్థలంలో ఆరడుగుల గుండ్రాయి ఒకటి ఉంది. దాన్ని తీయించడానికి జేసీబీని పిలిచాం. రెండింటిలో ఏది బరువు? చాలామంది జేసీబీయే అంటారు. మన వీధుల్లో తిరిగే మామూలు జేసీబీ ఏడున్నర టన్నులు ఉంటుంది. ఆరడుగుల అడ్డకొలత ఉన్న గుండ్రాయి ఎనిమిదిన్నర టన్నులు తూగుతుంది. మూడడుగుల రాయి టన్ను పైచిలుకే, దాన్ని ఆ బండి ఎలాగో కదుపుతుంది. కొలత రెట్టింపయితే బరువు ఎనిమిది రెట్లవుతుందన్న సంగతి మాత్రం గంట లెక్కన బేరమాడేటప్పుడు ఎవరికీ గుర్తుండదు.

ఈ మాట ఇప్పుడు ఎందుకంటే, ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి కాశీనగర్, గుణుపురం మీదుగా రాయగడ దాకా మన తెలుగువాళ్లు ఉండే ఊళ్లు చాలావరకు కొండల నీడలోనే ఉన్నాయి. చదును నేల పొలాలకూ పాత వీధులకూ ఎప్పుడో సరిపోయింది. కొత్తగా స్థలం కొనాలంటే కొండ మొదలుకే పోవాలి. అక్కడ ధర తక్కువ, రాళ్లు ఎక్కువ. రిజిస్ట్రేషన్ కాగితం చేతికి రాగానే మొదటి ఫోన్ జేసీబీకే. డ్రైవరు వస్తాడు, రాయి చుట్టూ నాలుగు బకెట్ల మట్టి తీస్తాడు, ఎగువ నుంచి తోస్తాడు. కదలకపోతే మరో గంట. కదిలితే అందరికీ సంతోషం. కదిలింది ఎక్కడ ఆగాలన్నది మాత్రం యజమాని చేతిలోనూ లేదు, డ్రైవరు చేతిలోనూ లేదు.

ఇల్లు కట్టుకోవద్దని మేము అనడం లేదు. బండ మీద పడక వేసుకోలేరు కదా. అయితే ఇది యజమానికీ బండివాడికీ మధ్య బేరం మాత్రమే అన్నట్టు నడుస్తోంది. ఆ బేరంలో దిగువన ఇల్లున్నవాళ్ల ఊసే ఉండటం లేదు. మా అభ్యంతరం దానికే.

ఆ రాళ్లు అక్కడ ఎందుకున్నాయో కొంచెం తెలుసుకుంటే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండేవి ఖోండలైట్, చార్నోకైట్ రకాలు. మొదటి దానికి మన పక్కనే ఉండే ఖోండు గిరిజనుల పేరే పెట్టారు. రెండోదానికి పేరు వచ్చింది కలకత్తాలోని ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జాబ్ చార్నాక్ సమాధి మీద పరిచిన పలక నుంచి. ఇంటి రాయికి సమాధి రాయి పేరు, ఏం చేస్తాం. పగుళ్ల వెంట నీరు దిగినప్పుడు రాతి మూలలు ముందు మెత్తబడతాయి. యుగాలు గడిచేసరికి నడిమి గట్టి భాగం గుండులా మిగులుతుంది, చుట్టూ ఉన్నది ఎర్రమట్టి అయిపోతుంది. అంటే చాలా చోట్ల ఆ గుండు పైనుంచి దొర్లి వచ్చి మట్టిలో కూరుకున్నది కాదు. చుట్టూ ఉన్న మట్టే ఒకప్పుడు రాయి. అందుకే పైకి కనిపించేది తల మాత్రమే, మొండెం లోపల ఉంటుంది. మూడడుగులే కదా అని మొదలుపెట్టి తవ్వేకొద్దీ ఎనిమిదడుగులు తేలిన స్థలాలు మన పాఠకుల్లో ఎందరికో అనుభవమే. ఆ మెత్తటి వాలుకు ఆసరాగా నిలిచింది కూడా అవే గుండ్లు. కిందిది పీకితే పైదానికి పట్టు తప్పుతుంది. అది ఆ రోజే జారకపోవచ్చు. ఆషాఢంలో మట్టి నానాక జారుతుంది.

నానిన వాలు ఏం చేస్తుందో పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను వానలకు బరఘరా దగ్గర కొండచరియ విరిగి, తలదాచుకోవడానికి రాతి గుహలోకి చేరినవాళ్లు పది మందికి పైగా చనిపోయారు. దాన్ని ఇళ్ల స్థలాల చదునుతో ముడిపెట్టడం మా ఉద్దేశం కాదు. మనం ఎలాంటి కొండల కింద బతుకుతున్నామో ఆ ఒక్క ఘటన చాలు గుర్తుచేయడానికి.

మరి రాయిని ఏం చేయాలి? దొర్లించకూడదు. ఉన్నచోటే ముక్కలు చేసి, ముక్కలనే కదపాలి. అయిదడుగుల గుండు అయిదు టన్నులు. దాన్ని అయిదారు ముక్కలు చేస్తే ఒక్కొక్కటి బండి శక్తికి లోబడుతుంది, జారినా ఎంతో దూరం పోదు. బ్రేకర్ బిగించిన జేసీబీతో చిన్న గుండ్లు పగులుతాయి. చార్నోకైట్ లాంటి గట్టి రాయి పెద్దదైతే ఇరవై టన్నుల పొక్లెయిన్ కావాలి, దాన్ని ట్రెయిలర్ మీద తేవాలి. మన పాత వీధుల్లోకి ఆ ట్రెయిలర్ ఎలా తిరుగుతుందో ముందు రోజే నడిచి చూసుకోవడం మంచిది. పైన కరెంటు తీగలు కూడా చూడాలి. డ్రైవరు కళ్లన్నీ రాయి మీదే ఉంటాయి, బకెట్ మాత్రం తీగ దగ్గరకు పోతుంది. తీగ కింద పని తప్పదనుకుంటే ముందు కరెంటాఫీసుకు చెప్పి సరఫరా ఆపించాలి.

ఇళ్ల మధ్యలో అన్నిటికంటే నయమైనది పగుళ్ల పొడి. సున్నం ఆధారంగా చేసిన పొడి అది. రాయికి అడుగు ఎడంతో గుంతలు తొలిచి, నీళ్లలో కలిపిన పొడిని పోస్తే అది ఉబ్బుతూ, ఇంచుమించు ఒక రోజులో రాయిని చీలుస్తుంది. చీలేటప్పుడు మోత లేదు, అదురు లేదు, పక్కింటి మట్టిగోడ బీటలు వారదు. ఒక్క జాగ్రత్త ఉంది. పోసిన గుంతలోకి వంగి చూడకూడదు. ఎండ వేడికి ఆ ముద్ద ఒక్కోసారి తూటాలా ఎగజిమ్ముతుంది, కళ్లు పోతాయి. ఎండాకాలానికి వేరు రకం, చలికాలానికి వేరు రకం పొడి దొరుకుతాయి, సంచి మీద రాసి ఉంటుంది. ఖర్చు బ్రేకర్ కంటే ఎక్కువే. ఓపిక కూడా కావాలి. మన దగ్గర దీనికి గిరాకీ లేకపోవడానికి అసలు కారణం ఖర్చు కాదు, ఆ ఓపికే అని మా అనుమానం.

యంత్రాలకు ముందు ఈ పని వడ్డెరలది. రాతి వాటం చూసి, వరుసగా గుంతలు చెక్కి, ఇనప చీలలు దిగ్గొట్టి సమ్మెటతో ఒక్కొక్కదాన్నీ మార్చి మార్చి కొడితే ఎంత బండ అయినా గీత గీసినట్టు విడిపోయేది. వడ్డెరల పేరే ఓఢ్ర దేశం నుంచి వచ్చిందంటారు. ఆ మాట నిజమైతే ఈ నేలకు వాళ్లు పరాయివాళ్లు కారు. ఇప్పటికీ ఆ చేతి పని తెలిసిన పెద్దలు మన ఊళ్లలో అక్కడక్కడ ఉన్నారు. జేసీబీని పిలిచే ముందు అలాంటి ఒకరిని తీసుకెళ్లి రాయి చూపిస్తే, ఎటు పగులుతుందో, తీయొచ్చో తీయకూడదో అరగంటలో చెప్తారు. ఆ అరగంటకు ఇచ్చే కూలి వృథా పోదు.

మందుగుండు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాం. 2008 పేలుడు పదార్థాల నిబంధనల కింద లైసెన్సు లేనివాడు దాన్ని తాకకూడదు. ఉన్నవాడు కూడా ఇళ్ల మధ్య వాడితే మేము సమర్థించం. రాయికి మాత్రమే గురి పెట్టడం ఆ మందుకు తెలియదు.

ఇక చట్టం వైపు చూద్దాం. ఇక్కడ మా వేలు యజమాని వైపు కంటే ఆఫీసుల వైపే ఎక్కువ చూపిస్తోంది. ఒడిశాలో ఇంటి రాయి కూడా మైనర్ మినరల్, అంటే చిన్న తరహా ఖనిజం, లెక్కలోకే వస్తుంది. ఆ ఖనిజాల మీద ఒడిశా పెట్టిన 2016 నిబంధనల కింద అది ట్రాక్టరెక్కి రోడ్డు మీదికి రావాలంటే వై ఫారం, అంటే రవాణా అనుమతి కాగితం, ఉండాలి. క్వారీవాళ్ల దొంగ రవాణాను పట్టుకోవడానికి అది అవసరమే. కానీ రెండు సెంట్ల స్థలం చదును చేసుకునే టీచరుకూ, కిరాణా కొట్టు యజమానికీ ఆ ఫారం ఎక్కడ దొరుకుతుందో తెలియదు. తెలిసినదల్లా ట్రాక్టరు పట్టుబడితే జరిమానా అన్న భయం. ఆ భయంతో రాయిని రోడ్డెక్కించకుండా వాలు మీదికే తోసేస్తున్నారు, లేదా చీకటి పడ్డాక గెడ్డలో, అంటే వాగులో, పడేస్తున్నారు. గెడ్డకు రాయి అడ్డం పడితే వానాకాలంలో నీరు ఏ ఇంట్లోకి మళ్లుతుందో చెప్పక్కర్లేదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఇళ్ల మధ్య మోత 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 సంవత్సరపు శబ్ద నిబంధనలు చెబుతున్నా బ్రేకర్ చప్పుడు రాత్రిళ్లే ఎందుకు వినిపిస్తోందంటే, కారణం ఇదే. ఖనిజాన్ని కాపాడాలని పెట్టిన నిబంధన చివరికి వాలునూ గెడ్డనూ పాడు చేస్తోంది.

దీనికి దారి లేకపోలేదు. పునాది కోసం తవ్విన మట్టిని ఆ కట్టడంలోనే వాడుకుంటే రాయల్టీ, జరిమానా వేయడం తగదని 2014లో పుణె బిల్డర్ల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మట్టి సంగతి, రాయి సంగతి కాదు. అయినా అందులోని న్యాయం రాయికీ వర్తించాలని మేము కోరుతున్నాం. తన స్థలంలో పగిలిన రాయిని తన పునాదికో, ప్రహరీకో, వాలుకు ఆసరా గోడకో వాడుకునేవాణ్ణి ఎవరూ ఏమీ అడగకూడదు. మిగిలిన నాలుగు ట్రాక్టర్లు బయటికి పోవాలంటే తహసీల్దారు ఆఫీసులో ఒక్క రోజులో కాగితం ఇవ్వాలి. నిజానికి వాలు స్థలంలో ఆ రాయి బంగారమే. తీసిన గుండ్లతోనే దిగువ హద్దున గోడ కట్టి, వాననీరు పోవడానికి సందులు వదిలితే, కొన్న ఇటుకతో కట్టినదాని కంటే నాలుగు కాలాలు నిలుస్తుంది.

మున్సిపాలిటీలను, చిన్న పట్టణాల నోటిఫైడ్ ఏరియా కౌన్సిళ్లను (ఎన్ఏసీలను) మేము అడిగేది కూడా ఒక్క పేజీయే. వాలు మీద రెండడుగులు దాటిన రాయిని యంత్రంతో తీసేవాళ్లు, దిగువన ఆనుకుని ఉన్న ఇళ్లవాళ్ల సంతకాలతో ముందుగా తెలియజేయాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా వాలు మీద ఈ పని ఆపాలి. రాయి దొర్లి నష్టం జరిగితే స్థలం యజమానితో పాటు బండి యజమానికీ బాధ్యత ఉండాలి. ఇప్పుడు గంట లెక్క తీసుకుని వెళ్లిపోయేవాడికి ఏ పూచీ లేదు. ఇల్లు కట్టుకునేవాడి నెత్తిన మరో కాగితం ఎందుకని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దిగువ ఇంటి గోడ మీద గుండు పడ్డాక పోలీస్ స్టేషన్‌లో రాయాల్సిన కాగితాల కంటే ఇది చిన్నది. పైగా, చెప్పకుండా మొదలుపెడితే జీవితాంతం ఎడముఖం పెడముఖంగా ఉండాల్సింది ఆ పక్కింటివాళ్లతోనే.

పసుపు పూసిన రాయి మాట వేరు. అలాంటిది స్థలంలో ఉంటే ఊరి పెద్దలనూ, దగ్గరలో సవర పల్లె ఉంటే వాళ్లనూ అడిగాకే చెయ్యి వేయాలి. ప్లాను కొంచెం పక్కకు జరిపి దాన్ని ఉంచేసుకుంటే మరీ మంచిది.

మేము అడుగుతున్న ఆ ఒక్క పేజీ ఒడియాలో ఉంటుంది, ఉండాలి కూడా. దాని కిందే తెలుగులో నాలుగు ముక్కలు అచ్చు వేయడం పెద్ద ఖర్చు కాదు. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడికి ఆ మాత్రం అడిగే చనువుంది. వేసవిలో ఇటు వచ్చే జేసీబీ డ్రైవర్లలో ఆంధ్రలోని పాతపట్నం, టెక్కలి వైపు కుర్రాళ్లు ఉంటారు. ఒడియా మాట్లాడగలిగినా చదవడం వాళ్లకు రాదు. రాయి ఎటు కదలాలో తేల్చే లివరు వాళ్ల చేతిలోనే ఉంటుంది.