బోరు మోటారు బోర్డును ఇక్కడే గీసుకోవాలి

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ విద్యార్థులు చేసే ప్రాజెక్టుల్లో ‘ఫోన్‌తో బోరు మోటారు ఆన్-ఆఫ్’ అనేది బాగా పాతబడిన అంశం. బ్రెడ్‌బోర్డు మీద ఒక ఈఎస్పీ32 (ప్రోగ్రాము నడిపే చిప్, అంటే మైక్రోకంట్రోలర్), పక్కన నీలం రంగు రిలే (చిన్న కరెంటుతో పెద్ద లైనును కలిపి తెంపే స్విచ్) మాడ్యూల్, మోటారుకు బదులు ఒక బల్బు. వైవా రోజున బల్బు వెలుగుతుంది, మార్కులు పడతాయి. అదే సెట్‌ను దేవరకొండ వైపు ఏ బత్తాయి తోటలోనో స్టార్టర్ డబ్బాలో బిగిస్తే మొదటి గాలివానకే పోతుంది. తప్పు ప్రోగ్రాముది కాదు, పిల్లలదీ కాదు. ఆ రిలే మాడ్యూల్‌ను గీసినవాళ్ల ముందు ఉన్నది ఇంట్లో ఫ్యాను, లైటు. మూడు ఫేజుల వ్యవసాయ లైను, దుమ్ము పట్టిన రేకు డబ్బా, మే నెల ఎండ వాళ్ల లెక్కలో లేవు. మన స్టార్టర్ డబ్బాకు పనికొచ్చే బోర్డు కావాలంటే దాన్ని మనమే గీసుకోవాలి.

గీయడానికి ఇప్పుడు డబ్బు అడ్డం కాదు. సర్క్యూట్ బోర్డులు గీసే కైక్యాడ్ సాఫ్ట్‌వేర్ ఉచితం. సర్క్యూట్ గీసి, తయారీకి కావాల్సిన గెర్బర్ ఫైళ్లు తీసి పంపితే రెండు పొరల 1.6 మిల్లీమీటర్ల ఎఫ్ఆర్4 (గాజు పీచు పలక) బోర్డులు ఐదు, పది చొప్పున చేసిచ్చే కంపెనీలు దేశంలోనే ఉన్నాయి. విడిభాగాలకు కోఠి గుజరాతీ గల్లీ ఉంది. నమూనాలు చేసి చూసుకోవడానికి హైదరాబాద్ రాయదుర్గంలో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ ఉంది. ఇంట్లోనే ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచి బోర్డు చేసుకునే పద్ధతి నేర్చుకోవడానికి మంచిదే కానీ, కరెంటు లైనుకు తగిలే బోర్డుకు అది వద్దు. దానికి సోల్డర్ మాస్క్ (రాగి మీద రక్షణ పూత) ఉండదు, గీతల అంచులు గరుకుగా ఉంటాయి. రెండు గీతల మధ్య మిగిలిపోయిన సన్నటి రాగి పోగు కంటికి కనబడదు, 415 వోల్టులకు మాత్రం దారి ఇస్తుంది.

ఈ బోర్డు మన దగ్గర ఎందుకింత ముఖ్యమో తెలియాలంటే ఆటో స్టార్టర్ల (కరెంటు రాగానే మోటారును దానంతటదే వేసే పెట్టెల) గొడవను గుర్తు చేసుకోవాలి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. అంతకుముందు 2017లోనే పాత నల్గొండ జిల్లాలో ప్రయోగాత్మకంగా ఇచ్చి చూశారు. ఆ సమయంలో ఆటో స్టార్టర్లు తీసేయాలని ప్రభుత్వం, డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) ఊరూరా ప్రచారం చేశాయి. ఆ భయం న్యాయమైనదే. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంటే, రాళ్ల నేలలో అంతంతమాత్రంగా ఊరే బోరు గంటల్లో ఎండుతుంది. అయితే ఆ పెట్టెలో ఉన్నది ‘కరెంటు వస్తే మోటారు వెయ్యి’ అన్న ఒక్క ముక్క మాత్రమే. నీళ్లున్నాయా, మూడు ఫేజులూ సరిగా ఉన్నాయా, పక్క మోటార్లు అదే క్షణంలో లేస్తున్నాయా అని అది చూడదు. ఆటో స్టార్టర్ తీసేసినా రైతు అవసరం పోలేదు. రాత్రిపూట పొలం దాకా నడిచి, తడి నేల మీద నిలబడి బటన్ నొక్కే పని తిరిగి వచ్చింది. ఆ నడక తప్పించాలి, బోరునూ కాపాడాలి. ఈ రెండు పనులూ చేసే బోర్డుకు పెద్ద విద్య అక్కర్లేదు. కొన్ని విషయాల్లో మాత్రం ఇసుమంత కూడా సర్దుకుపోకూడదు.

మొదటిది బోర్డుకు కరెంటు ఎక్కడి నుంచి తీసుకుంటామన్నది. చాలా స్టార్టర్ల దగ్గర న్యూట్రల్ ఉండదు, మూడు ఫేజు వైర్లే వస్తాయి. విద్యార్థులు అలవాటుగా వాడే చిన్న 5 వోల్టుల పవర్ మాడ్యూల్ 100 నుంచి 240 వోల్టులకు చేసినది. దాన్ని రెండు ఫేజుల మధ్య పెడితే అక్కడికక్కడే పేలుతుంది. కొందరు ఒక ఫేజు నుంచి ఎర్త్‌కు కలిపి నడిపిస్తారు. ఇది ప్రాణాంతకం. ఎర్త్ రాడ్ దగ్గర నేల ఎండిపోయిందంటే స్టార్టర్ డబ్బా మొత్తానికి కరెంటు ఎక్కుతుంది. ప్రైమరీ (లైను వైపు చుట్ట) 440 వోల్టులకు చుట్టిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వాడాలి. మోటార్లు చుట్టే షాపులో అడిగితే చుట్టిస్తారు కూడా. ముందు ఫ్యూజు, ఆ తర్వాత 510 వోల్టుల ఏసీకి తగిన 20డి821కె రకం ఎంఓవీ (వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసినప్పుడు దాన్ని మింగే భాగం) పెట్టాలి. ఫ్యూజు లేని ఎంఓవీ పిడుగుపాటుకు షార్ట్ అయి బోర్డును కాల్చేస్తుంది.

రెండోది రిలే. నీలం మాడ్యూల్‌లోని రిలే మీద ‘10 ఆంపియర్లు, 250 వోల్టులు’ అని రాసి ఉంటుంది. స్టార్టర్ కాయిల్ (మోటారును కలిపే పెద్ద స్విచ్‌ను, అంటే కాంటాక్టర్‌ను, లాగిపట్టే చుట్ట) తీసుకునేది ఆంపియరులో కొంత భాగమే కదా, పది ఆంపియర్ల రిలే ఎందుకు పోతుందని అడిగేవాళ్లు ఉంటారు. చూడాల్సింది వోల్టులు. చాలా స్టార్టర్లలో కాయిల్ రెండు ఫేజుల మధ్య, అంటే 415 వోల్టుల మీద పనిచేస్తుంది. పైగా అది చుట్టలు చుట్టిన కాయిల్, తెంపేటప్పుడు కరెంటు వెంటనే ఆగదు. రిలే కాంటాక్టుల మధ్య ఉండేది సన్నటి సందు. తెరుచుకున్న ప్రతిసారీ అందులో నిప్పురవ్వ లేచి లోహం కరుగుతుంది. కొన్నాళ్లకు రెండు కాంటాక్టులూ అతుక్కుపోతాయి. ప్రోగ్రాము ‘ఆఫ్’ అన్నా, ఫోన్‌లో ‘ఆఫ్’ అని కనిపించినా, బోరులో మోటారు తిరుగుతూనే ఉంటుంది. పాడైన మాడ్యూల్ మూత కోసి చూస్తే కాంటాక్టు చివర నల్లటి మసి, మధ్యలో చిన్న గుంట కనిపిస్తాయి. కాంటాక్టులకు 440 వోల్టుల ఏసీ రేటింగ్ ఉన్న పవర్ రిలే వాడడం, కాయిల్‌కు అడ్డంగా పైన చెప్పిన ఎంఓవీనే ఇంకొకటి పెట్టడం దీనికి మందు. రెండు 250 వోల్టుల కాంటాక్టులను వరసగా కలిపితే నిప్పురవ్వ తగ్గుతుంది కానీ రేటింగ్ పెరగదు, దాన్ని నమ్ముకోవద్దు. రిలేను కాయిల్ దారిలో మామూలుగా తెరిచి ఉండే కాంటాక్టు ద్వారానే కలపాలి. అప్పుడు బోర్డు చచ్చిపోయినా మోటారు ఆగిపోతుంది.

రాగి గీతల వెడల్పు గురించి విద్యార్థులు ఎక్కువ ఆలోచిస్తారు, సందుల గురించి తక్కువ. నిజానికి ఈ బోర్డులో పెద్ద కరెంటు పారదు. ఒక ఔన్స్ రాగిలో ఒక ఆంపియరుకు 0.3 మిల్లీమీటర్ల గీత చాలు, గట్టిదనం కోసం ఒక మిల్లీమీటరు పెడితే సరి. 10 ఆంపియర్లు పారితేనే ఏడు మిల్లీమీటర్లు కావాలి, మోటారు కరెంటును బోర్డు మీదుగా తీసుకెళ్లకూడదు కాబట్టి ఆ గొడవే లేదు. సందు సంగతి వేరు. 415 వోల్టుల వైపుకూ, మైక్రోకంట్రోలర్ వైపుకూ మధ్య కనీసం 8 మిల్లీమీటర్లు రాగి లేని ఖాళీ ఉండాలి. పీసీ817 ఆప్టోకప్లర్ (రెండు వైపులనూ తీగతో కలపకుండా వెలుతురుతో కబురు దాటించే చిప్) మామూలు కాళ్ల మధ్య దూరం 7.62 మిల్లీమీటర్లే. ప్యాడ్లు పోగా మిగిలేది ఆరు మాత్రమే. కాళ్లు వెడల్పుగా వంచిన రకం తెప్పించి, దాని కింద బోర్డులో రెండు మిల్లీమీటర్ల వెడల్పున కోత పెట్టాలి. దుమ్ము మీద తేమ చేరితే అదే తీగలా పనిచేస్తుంది, కోత ఉంటే ఆ దారి తెగుతుంది. స్టార్టర్ డబ్బాల్లో చీమలు, బల్లులు కాపురం ఉంటాయని తెలిసినవాళ్లు ఈ కోతను ఎప్పుడూ వదలరు. చివర్లో అక్రిలిక్ కోటింగ్ రెండు పొరలు కొట్టాలి, కనెక్టర్లకు మాత్రం టేపు చుట్టి.

ఫేజుల పహారా దగ్గర అసలు చిక్కు ఉంది. బోరు మోటార్లు కాలేది ఎక్కువగా ఒక ఫేజు పోయినప్పుడే. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోతుంది, మోటారు మాత్రం ఆగదు. మిగతా రెండు ఫేజుల మీద ఈడుస్తూ తిరుగుతుంది. మూడు ఆప్టోకప్లర్లతో మూడు ఫేజుల్లో వోల్టేజీ ఉందా లేదా అని చూసే బోర్డు ఇక్కడ మోసపోతుంది. ఎందుకంటే తిరుగుతున్న మోటారే పోయిన ఫేజు మీద వోల్టేజీ పుట్టిస్తుంది, అసలుకు కొంచెం తక్కువగా. బోర్డుకు మూడూ ఉన్నట్టే కనబడతాయి. అందుకే వోల్టేజీతోపాటు కరెంటును కొలవాలి. రెండు కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లతో (సీటీ, వైరులో పారే కరెంటును కొలిచే చుట్ట) సరిపెట్టే డిజైన్లు ఉన్నాయి. సీటీ లేని ఫేజు పోతే మిగతా రెండింటిలో కరెంటు సమానంగానే పెరుగుతుంది, తేడా చూసే లెక్క తప్పుతుంది. మూడు పెట్టాల్సిందే.

5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ నిండు లోడులో దాదాపు 8, 9 ఆంపియర్లు తీసుకుంటుంది. 1000:1 సీటీకి 47 ఓమ్స్ బర్డెన్ రెసిస్టర్ (సీటీ కరెంటును కొలవగలిగే వోల్టేజీగా మార్చేది) పెడితే 9 ఆంపియర్లకు 0.42 వోల్టులు వస్తాయి. మధ్య బిందువును 1.65 వోల్టుల దగ్గర ఉంచితే 24 ఆంపియర్ల దాకా శుభ్రంగా చదవొచ్చు. మోటారు లేచేటప్పుడు ఐదారు రెట్లు లాగుతుంది. అప్పుడు కొలత పరిమితి దాటిపోయినా ఫర్వాలేదు, మొదటి కొన్ని సెకన్లు ఎలాగూ లెక్కలోకి తీసుకోం. మైక్రోకంట్రోలర్ పిన్ను కాలకుండా వరసలో ఒక కిలోఓమ్ రెసిస్టర్, వోల్టేజీ హద్దు దాటకుండా ఆపే క్లాంప్ డయోడ్లు మాత్రం ఉండాలి. మోటారు నడుస్తుండగా సీటీ వైరు ఊడదీయకూడదు, కొసల మధ్య ప్రమాదకరమైన వోల్టేజీ లేస్తుంది. మూడింటిలో అతి తక్కువ కరెంటు, అతి ఎక్కువ దానిలో సగానికి దిగితే రెండు మూడు సెకన్లలో ఆపేయాలి.

వోల్టేజీ చూసే దారిలో తరచూ జరిగే పొరపాటు రెసిస్టర్ల దగ్గర. రెసిస్టర్‌కు వాట్ల పరిమితే కాదు, వోల్టుల పరిమితీ ఉంటుంది. మామూలు పావు వాటు రెసిస్టర్‌కు అది 250 వోల్టుల చుట్టుపక్కలే. 415 వోల్టుల శిఖరం 587. ఒక్క రెసిస్టర్ పెడితే కొన్ని నెలలు పనిచేసి, ఒకరోజు లోపల తెగిపోతుంది, ఆ ఫేజు పోయినట్టు బోర్డు అబద్ధం చెబుతుంది. 100 కిలోఓమ్స్ అర వాటు రెసిస్టర్లు మూడు వరసగా పెట్టాలి. ఆప్టోకప్లర్ ఎల్‌ఈడీకి ఎదురుగా ఒక 1ఎన్4007 డయోడ్, అవతలి వైపు 22 కిలోఓమ్స్ పుల్-అప్ రెసిస్టర్ చాలు.

నీళ్లు తగ్గాయన్న విషయమూ అవే సీటీలు చెబుతాయి. నీళ్లు అందకపోతే పంపు మీద బరువు తగ్గి కరెంటు పడిపోతుంది. బోరు బాగా పోస్తున్నప్పుడు చదివిన కరెంటులో 70 శాతం కిందికి ఐదు, పది సెకన్ల పాటు దిగితే ఆపి, అరగంటో గంటో ఊట చేరనిచ్చి మళ్లీ వేయాలి. కల్వకుర్తి, మునుగోడు ప్రాంతాల్లో ఆగి ఆగి పోసే బోర్లకు ఈ ఒక్క సౌకర్యమే మోటారును కాపాడుతుంది. లో-వోల్టేజీ ఉన్నప్పుడు మాత్రం ఈ లెక్క దారి తప్పొచ్చు కాబట్టి, వోల్టేజీని కూడా కలిపి శక్తిని లెక్కగట్టే ప్రోగ్రాము మేలు.

ఆటో స్టార్టర్లతో మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయన్న ఫిర్యాదుకు జవాబు ప్రోగ్రాములో ఒక్క వరుస. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నిండు లోడు ఫేజుకు 84 ఆంపియర్లు. దాని కింద పది 5 హెచ్‌పీ మోటార్లు కరెంటు రాగానే ఒకేసారి లేస్తే ఒక్కోటి 50 చొప్పున 500 ఆంపియర్లు లాగుతాయి. వోల్టేజీ కుంగుతుంది, కాంటాక్టర్లు పట్టీ పట్టకుండా టకటకలాడతాయి, ఫ్యూజులు పోతాయి. ప్రతి బోర్డుకూ దాని సీరియల్ నంబరును బట్టి 30 సెకన్ల నుంచి ఐదు నిమిషాల మధ్య వేర్వేరు ఆలస్యం పెడితే మోటార్లు ఒకదాని వెనక ఒకటి లేస్తాయి. రోజుకు ఇన్ని గంటలే అన్న పరిమితినీ అక్కడే పెట్టొచ్చు.

ఫోన్ మాడ్యూల్ విషయంలో 2జీ మాత్రమే పట్టే పాతరకం కొనొద్దు, జియో సిమ్ అందులో పనిచేయదు. 4జీలో క్యాట్-1 అనే తక్కువ వేగం రకం మాడ్యూల్ తీసుకోవాలి. సిగ్నల్ కోసం వెతికేటప్పుడు ఏ మాడ్యూలైనా ఒక్కసారిగా కరెంటు గుంజుతుంది. దాని కాళ్ల పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ లేకపోతే బోర్డు ఊరికే రీసెట్ అవుతుంది. కెపాసిటర్లన్నీ 105 డిగ్రీల రకమే కావాలి. ఎండలో మూసిన రేకు డబ్బా లోపలి వేడికి 85 డిగ్రీల రకం ఎండిపోతుంది, పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాని ఆయుష్షు సగమవుతుంది.

బోర్డు ఆర్డర్ పెట్టే ముందు కాగితం మీద అసలు సైజులో ప్రింటు తీసి రిలే, ట్రాన్స్‌ఫార్మర్, టెర్మినళ్ల కాళ్లు గుచ్చి చూడాలి. కొలతలు తప్పేది ఎక్కువగా వీటి దగ్గరే. బోర్డు వచ్చాక ముందు బల్ల మీద 12 వోల్టులతో తక్కువ వోల్టేజీ వైపు మాత్రమే పరీక్షించాలి. తర్వాత 60 వాట్ల బల్బులు రెండు వరసగా కలిపి, వాటి ద్వారా మెయిన్స్ ఇవ్వాలి. షార్ట్ ఉంటే బల్బులు వెలుగుతాయి, బోర్డు బతుకుతుంది. ఆసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్‌ను మెయిన్స్ వైపు తగిలించకూడదు. పొలంలో బిగించడం లైన్‌మన్‌కు చెప్పి, ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే లైనును తెంపే స్విచ్) ఆఫ్ చేయించిన తర్వాతే.

ఈ పని చేయడానికి చేతులు మన జిల్లాల్లోనే ఉన్నాయి. గీయడం, కోడ్ రాయడం కాలేజీ పిల్లలకు వచ్చు. ఏ బోరులో ఏ మోటారు ఎందుకు కాలిందో మండల కేంద్రంలోని వైండింగ్ షాపు వాళ్లకు తెలుసు. ఈ ఇద్దరూ కలవడమే లేదు. నగరంలో కొన్న రెడీమేడ్ ప్రాజెక్టుకు మార్కులు వేసే పద్ధతి ఉన్నంతకాలం కలవరు కూడా. ఒక బ్యాచ్‌కు ఒక ట్రాన్స్‌ఫార్మర్ అప్పగించి, దాని కింది మోటార్లకు బోర్డులు చేయించి, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం నడిచాకే మార్కులు వేస్తే ఆ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ నిజంగా నేర్పినట్టు. సర్క్యూట్ బొమ్మను డబ్బా మూత లోపల అతికించాలి, చిప్ మీద నంబర్లు గీకేయకూడదు. అప్పుడే వైండింగ్ షాపులో రిలే మార్చడం, ఫ్యూజు మార్చడం కుదురుతుంది. ఇంకొక్క షరతు: స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలేను ఏ కారణంతోనూ తీసేయకూడదు. ఈ బోర్డు దానికి అదనంగా పెట్టేదే.