జమాఖర్చుల పుస్తకంలో ఇంకో గడి

కోస్తా జిల్లాల్లో ఏటా మూడు రాత్రులు పోటీలు నడిపే ఒక నాటక పరిషత్తు కోశాధికారి, కిందటి సంక్రాంతి తరువాత తన జమాఖర్చుల పుస్తకం నాకు చూపించారు. ఎర్ర అట్ట, నీలం సిరా, మొత్తాల కింద రెండేసి గీతలు. టెంటు హౌసు, మైకు సెట్టు, లైటింగు, జనరేటరు డీజిలు 5,800, ఫ్లెక్సీలు, శాలువాలు, జ్ఞాపికలు, బృందాల రానుపోను ఖర్చులు, భోజనాలు అన్నీ వరసగా ఉన్నాయి. విరాళమిచ్చిన ప్రతి ఒక్కరికీ పైసాతో సహా లెక్క చెప్పాలన్న పట్టుదల ఆ పేజీల్లో కనిపిస్తుంది. వాటిని తిప్పుతున్నంతసేపూ నాకు ఒకటే తోచింది. మన సాంస్కృతిక సంస్థలు పర్యావరణం మీద మోపుతున్న భారాన్ని కొలవడానికి కావలసిన సమాచారంలో చాలా భాగం ఇప్పటికే వాటి దగ్గర ఉంది. కాకపోతే అది రూపాయల్లో ఉంది. దాన్ని లీటర్లలోకి, యూనిట్లలోకి, కిలోమీటర్లలోకి మార్చిపెట్టే మనిషి లేరు, మార్చమని అడిగినవారూ లేరు.

ఇంగ్లండులో అడిగారు. అక్కడి సంగీత రంగానికి చెందినవారు కొందరు 2007లో లండన్‌లో ‘జూలీస్ బైసికిల్’ అనే లాభాపేక్ష లేని సంస్థను ప్రారంభించారు. దాని వ్యవస్థాపకురాలు ఆలిసన్ టికెల్ కూడా సంగీతం నేపథ్యంగా వచ్చినవారే. బ్రిటన్ సంగీత పరిశ్రమ ఏడాదికి దాదాపు 5.4 లక్షల టన్నుల హరితగృహ వాయువులను వెలువరిస్తోందని, అందులో అన్నింటికంటే పెద్ద వాటా ప్రేక్షకుల రాకపోకలదేనని ఆ సంస్థ తొలినాళ్లలో చేయించిన అధ్యయనం తేల్చింది. తరువాత నాటకశాలలు, మ్యూజియాలు, ఉత్సవాలు, ఊరూరా తిరిగే బృందాలు తమ కరెంటు, గ్యాసు, నీళ్లు, చెత్త, ప్రయాణాల వివరాలు నింపితే లెక్క కట్టి చూపించే ఆన్‌లైన్ సాధనాలను ఆ సంస్థ రూపొందించి ఉచితంగా అందుబాటులో ఉంచింది. 2012లో ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ ఒక అడుగు ముందుకు వేసి, తన నుంచి క్రమం తప్పకుండా నిధులు పొందే సంస్థలు పర్యావరణ విధానాన్ని, కార్యాచరణ ప్రణాళికను రాసుకోవాలని, ఏటా తమ వినియోగం లెక్కలు సమర్పించాలని షరతు పెట్టింది. కళలకు నిధులిచ్చే జాతీయ సంస్థ ఒకటి ఇలాంటి షరతు పెట్టడం ప్రపంచంలో అదే మొదటిసారి.

ఆ షరతు కంటే దానితో పాటు వచ్చిన సాయమే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. లెక్కలు అడిగిన కౌన్సిలే, ఆ లెక్కలు కట్టడం నేర్పే పనిని డబ్బిచ్చి జూలీస్ బైసికిల్‌కు అప్పగించింది. సాధనాలు, శిక్షణ తరగతులు, సందేహం వస్తే అడగడానికి మనుషులు, అన్నీ షరతుతో పాటే అందాయి. మన దగ్గర ప్రభుత్వ నిధి అందుకున్న ఏ నాటక సమాజాన్ని అడిగినా యుటిలైజేషన్ సర్టిఫికెట్ (ఇచ్చిన నిధిని చెప్పిన పనికే ఖర్చుపెట్టామని చూపే పత్రం) కోసం పడిన పాట్లు కథలుగా చెబుతారు. ఆడిటరు సంతకం, ఫోటోలు, పత్రికల కత్తిరింపులు ఇచ్చినా రెండో విడత ఎప్పుడొస్తుందో తెలియదు. అలాంటి చోట మరో ఫారం జోడించి, దాన్ని నింపే దారి చూపకపోతే, కార్యాలయంలో కూర్చుని ఊహించిన అంకెలే అందులోకి వస్తాయి. నేర్పకుండా అడిగే లెక్క దొంగలెక్క అవుతుంది, ఆ తప్పు నింపినవారి మీద మోపడం న్యాయం కాదు.

నేర్పేటప్పుడు మొదట తేల్చవలసింది ఎక్కడి వరకు లెక్కలోకి తీసుకోవాలన్న హద్దు. బ్రిటన్ రాక్ సంగీత బృందం కోల్డ్‌ప్లే తన ‘మ్యూజిక్ ఆఫ్ ద స్ఫియర్స్’ ప్రదర్శన యాత్రలో, ఒక్కో ప్రదర్శనకు ప్రత్యక్ష ఉద్గారాలు 2016-17 నాటి యాత్రతో పోలిస్తే 59 శాతం తగ్గాయని 2024లో ప్రకటించింది. అది చిన్న విషయమేమీ కాదు. సౌర ఫలకాలు, వేదిక దగ్గరి బ్యాటరీలు, సామాను తరలింపులో మార్పులు, ఇలా ఎంతో పని చేస్తేనే ఆ అంకె వచ్చింది. అయితే అది ప్రదర్శన నిర్వహణకు, బృందం, సామాను ప్రయాణాలకు సంబంధించిన అంకె. 2025 జనవరిలో అదే బృందం అహ్మదాబాద్ స్టేడియంలో పాడినప్పుడు, దేశం నలుమూలల నుంచి విమానాల్లోనూ రైళ్లలోనూ వెళ్లిన అభిమానుల ప్రయాణాలు ఆ 59 శాతంలోకి రావు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌కు చెందిన మాసివ్ అటాక్ సంగీత బృందం ఈ చిక్కును నేరుగా పట్టుకుంది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో వాతావరణ మార్పులను పరిశోధించే టిండాల్ కేంద్రం శాస్త్రవేత్తల చేత, ప్రత్యక్ష సంగీత ప్రదర్శనల ఉద్గారాలు తగ్గించే ఒక మార్గసూచి తయారు చేయించుకుని, 2024 ఆగస్టులో సొంత ఊళ్లో దాన్ని ఆచరించి చూపింది. వేదికకు బ్యాటరీ కరెంటు వాడారు, శాకాహారమే వడ్డించారు, చుట్టుపక్కల పిన్‌కోడ్‌ల వారికి ముందుగా టికెట్లు అమ్మారు, రైల్లో వచ్చేవారికి ప్రోత్సాహకాలు ఇచ్చారు. టికెట్ అమ్మే పద్ధతి కూడా పర్యావరణ నిర్ణయమేనన్న సంగతి ఆ ఒక్క సాయంత్రం తేటతెల్లం చేసింది.

ఇప్పుడు కోశాధికారి గారి పుస్తకంలోకి తిరిగి వద్దాం. అందులోని డీజిలు పద్దు తప్ప ఇక్కడ నేను వేసే అంకెలన్నీ ఉజ్జాయింపువి, లెక్క కట్టే తీరు చూపడం కోసం వేసినవి. 5,800 రూపాయల డీజిలంటే దాదాపు 60 లీటర్లు. లీటరు డీజిలు కాలితే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే జనరేటరు వాటా 160 కిలోలు. పోటీలకు 12 బృందాలు వచ్చాయనుకుందాం. ఒక్కో బృందం వ్యానులో రానుపోను 300 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు పది కిలోమీటర్ల చొప్పున 30 లీటర్లు, అన్నీ కలిపి 360 లీటర్లు, దాదాపు 965 కిలోలు. రాత్రికి 200 మోటారు సైకిళ్ల మీద ప్రేక్షకులు రానుపోను పదేసి కిలోమీటర్లు తిరిగారనుకుంటే, లీటరుకు యాభై కిలోమీటర్ల చొప్పున మూడు రాత్రులకు 120 లీటర్ల పెట్రోలు, లీటరుకు సుమారు 2.3 కిలోల చొప్పున 276 కిలోలు. మొత్తం 1.4 టన్నులు. అందులో మూడింట రెండు వంతులు బృందాల వ్యానులదే. పందిట్లో చెవులు హోరెత్తించే ఆ జనరేటరు వాటా పదో వంతుకు కాస్త పైన.

ఈ లెక్క కట్టక ముందు ఎవరిని అడిగినా జనరేటరు అనో, ప్లాస్టిక్ నీళ్ల సీసాలు అనో చెబుతారు. నేనూ అలాగే అనుకున్నాను. కళ్లకు కనిపించేది, చెవులకు వినిపించేదే ఎక్కువ అనిపించడం సహజం. లెక్క మన దృష్టిని వ్యానుల వైపు తిప్పగానే పరిష్కారం కూడా కొత్త చోట కనిపిస్తుంది. ఉగాది, శ్రీరామనవమి, శివరాత్రి చుట్టూ మన పరిషత్తులు వరసగా జరుగుతాయి. విశాఖ నుంచి ఒక బృందం గుంటూరు ప్రాంతానికి వచ్చి ఒక ప్రదర్శన ఇచ్చి, వెనక్కి వెళ్లి, మరో పది రోజులకు అదే దారిన ఇంకో పరిషత్తుకు రావడం మామూలు. ఇరుగు పొరుగు పరిషత్తులు ముందుగా మాట్లాడుకుని తేదీలు జతపరుచుకుంటే ఒక రానుపోను మిగులుతుంది. సెట్టు సామాను ఒకసారే ఎక్కించి దించుతారు. బృందం చేతి డబ్బు మిగులుతుంది, నటులకు ఉద్యోగంలో ఒక సెలవు మిగులుతుంది. దీనికి ఏ కొత్త యంత్రమూ కొననక్కర్లేదు, రెండు కమిటీల అధ్యక్షులు ఒక చోట కూర్చుంటే చాలు. మన సమాజాల్లో అది అన్నింటికంటే కష్టమైన పని కావచ్చు, కాదనను.

ఇదే కొలత విమానాలకు పెడితే లెక్క మరో స్థాయికి వెళ్తుంది. అమెరికాలో అక్కడి తెలుగు సంఘాలైన తానా మహాసభలు బేసి సంవత్సరాల్లో, ఆటా మహాసభలు సరి సంవత్సరాల్లో జరుగుతాయి. ఆ వేసవుల్లో ఇక్కడి నుంచి గాయకులు, కూచిపూడి కళాకారులు, అవధానులు, సినీ ప్రముఖులు తరలి వెళ్తారు. హైదరాబాద్ నుంచి అమెరికా తూర్పు తీరానికి రానుపోను దాదాపు 26,000 కిలోమీటర్లు. ఏ పద్ధతిలో కట్టినా మనిషికి ఒక టన్ను దాటుతుంది, కొన్ని పద్ధతుల్లో అది రెండు మూడు రెట్లు కూడా. అంటే ఒక్క అతిథి ప్రయాణం, మనం పైన కట్టిన మూడు రాత్రుల పరిషత్తు మొత్తంతో పోటీ పడుతుంది. కళాకారులు వెళ్లకూడదని నేననడం లేదు. అక్కడ పుట్టిన పిల్లలు ఎదురుగా కూర్చుని ఒక పద్యం వినడానికి, ఒక అడుగు నేర్చుకోవడానికి ఉన్న విలువను కిలోల్లో తూచలేం. వెళ్లిన గురువు పది నిమిషాల ప్రదర్శన, శాలువా, ఫోటోతో తిరిగి రాకుండా, ఆరు వారాలు ఉండి నాలుగు నగరాల్లో పాఠం చెప్పి వస్తే ఆ టన్నుకు న్యాయం జరుగుతుంది. చాలామంది గురువులు ఇప్పటికే అలా చేస్తున్నారు, నిర్వాహకులు దాన్నే పద్ధతిగా చేసుకోవాలి.

సొంత భవనాలున్న సంస్థల కథ వేరు. వాటి భారమంతా కరెంటు మీటరులో ఉంటుంది. ఇక్కడ ఇంగ్లండు అంకెలు తెచ్చి అతికిస్తే పొరపాటవుతుంది. బ్రిటన్ గ్రిడ్‌లో యూనిట్ కరెంటుకు దాదాపు 0.2 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్క వేస్తే, బొగ్గు మీద ఆధారపడిన మన గ్రిడ్‌లో అది 0.7 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. కాబట్టి వేదిక మీద వాడే వెయ్యి వాట్ల పాత హాలోజన్ పార్ లైటు తీసేసి ఎల్‌ఈడీ పెడితే, అక్కడికంటే ఇక్కడ మూడు రెట్లకు మించిన ఫలితం వస్తుంది. ఏసీని పొదుపుగా వాడినా అంతే. నగరంలోని ఒక పెద్ద హాల్లో జరిగిన పుస్తకావిష్కరణకు నేను వెళ్లినప్పుడు అరవై మందిమి ఉన్నాం. వెయ్యి కుర్చీలకు సరిపడా చల్లదనం మా మీదే కురిసింది. ముందు వరసలోని పెద్దవాళ్లు, సన్మానం కోసం తెచ్చిన శాలువాలు సన్మానానికి ముందే కప్పుకున్నారు. చిన్న సభలకు చిన్న హాలు విడిగా లేకపోవడం కళకు జరిగే అన్యాయమే, కరెంటుకు కూడా.

మ్యూజియాల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. వస్తువుల భద్రత కోసం ఉష్ణోగ్రతను ఇరవై, ఇరవై రెండు డిగ్రీల దగ్గర, తేమను 50 శాతం దగ్గర కదలకుండా నిలపాలన్న నియమం చల్లటి దేశాల నుంచి వచ్చింది. ప్రపంచంలోని పెద్ద మ్యూజియాల అధిపతుల బృందమైన బిజో గ్రూప్, చాలా రకాల వస్తువులకు 16 నుంచి 25 డిగ్రీలు, 40 నుంచి 60 శాతం తేమ ఉంటే సరిపోతుందని, ఆ పరిధిలో నెమ్మదిగా జరిగే మార్పుతో ప్రమాదం లేదని అంగీకరించి ఆ పట్టును సడలించింది. మన వాతావరణంలో ఈ పరిధి కూడా ఖరీదైనదే. తాటాకు ప్రతులు ఏసీ లేకుండానే శతాబ్దాలు నిలిచాయన్నది నిజం. తీరప్రాంతపు తేమకు, చెదలకు బలైపోయినవి అంతకంటే ఎక్కువన్నదీ నిజమే. అందువల్ల ఏ గదిలో ఏ వస్తువుకు ఎంత చల్లదనం అవసరమో ఒక్కొక్కటిగా కొలిచి నిర్ణయించుకోవాలి తప్ప, కరెంటు బిల్లు చూసి మీట నొక్కేయడం ఎవరికీ మంచిది కాదు.

సామగ్రి విషయంలో మాత్రం మనం ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు. బ్రిటిష్ నాటకరంగం 2021లో ‘థియేటర్ గ్రీన్ బుక్’ పేరుతో ప్రమాణాలు రాసుకుంది. ప్రదర్శనకు వాడే సామగ్రిలో కనీసం సగం పాతదో, మళ్లీ వాడుకలోకి తెచ్చినదో కావాలన్నది అందులో తొలి మెట్టు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక కుటుంబాలు తరతరాలుగా చేస్తున్నది ఇదే. చేత్తో రంగులు వేసిన తెర ఒక నాటకంలో రాజసభ అవుతుంది, మరో నాటకంలోనూ అదే రాజసభ. కిరీటాలు, భుజకీర్తులు తాత నుంచి మనవడికి వస్తాయి. చిరిగితే కుడతారు, వెలిస్తే మళ్లీ రంగు వేస్తారు. దీన్ని పేదరికంగా చూడటం మనకు అలవాటైంది. కొలిచి చూస్తే అది ఒక సాంకేతిక జ్ఞానం. దాన్ని తెలిసినవారు ఇంకా మన మధ్య ఉండగానే రాసి పెట్టుకోవాలి. 100 మైక్రాన్ల కంటే పలుచని పీవీసీ బ్యానర్లను కేంద్రం 2022 జులై 1 నుంచి నిషేధించింది. అయినా ఒక్క సాయంత్రపు సభకు ఆరు ఫ్లెక్సీలు వేసి మర్నాడు పొద్దున చెత్తబండికి ఎక్కించే అలవాటు సాంస్కృతిక సంస్థల్లోనే కొనసాగడం నన్ను బాధిస్తుంది. సంస్థ పేరుతో ఒక గుడ్డ బ్యానరు కుట్టించి, తేదీ, అంశం ఉన్న పట్టీ మాత్రం మార్చుకుంటే పదేళ్లు వస్తుంది.

సిమెంటు కర్మాగారాలు, బొగ్గు విద్యుత్ కేంద్రాలు ఉండగా నాటకాలవాళ్ల వెంట పడటమేమిటని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నలో నిజాయితీ ఉంది. మొత్తం ఉద్గారాల్లో కళల వాటా చిన్నదే. అయితే పరిషత్తుకు వచ్చే టెంటు హౌసు, మైకు సెట్టు, జనరేటరు, ఫ్లెక్సీ దుకాణమే ఆ ఊళ్లో పెళ్లికీ, జాతరకూ, రాజకీయ సభకూ వెళ్తాయి. ఒక పరిషత్తు ఎల్‌ఈడీ లైట్లే కావాలని పట్టుబడితే, లైటింగు యజమాని కొన్న ఆ లైట్లు ఏడాదంతా ఆ చుట్టుపక్కల వెలుగుతాయి.

ఇది ఎవరు మొదలుపెట్టాలంటే, నిధులిచ్చేవారే. తెలంగాణలో భాషా సాంస్కృతిక శాఖ, ఆంధ్రప్రదేశ్‌లో సృజనాత్మకత, సంస్కృతి సమితి, వాటితో పాటు ప్రవాస తెలుగు సంఘాలు ఈ పని చేయగలవు. ముందుగా సొంత భవనమున్న సంస్థలను, పెద్ద మహాసభలను అడగాలి. ఇల్లు గడవడానికే తంటాలు పడే వీధినాటక బృందాన్ని, తోలుబొమ్మలాట కుటుంబాన్ని అడగకూడదు. వాళ్ల భారం అతి తక్కువ, వాళ్ల మీద మోపే కాగితం అతి బరువు. మన గ్రిడ్‌కు, మన వ్యానులకు, మన జనరేటర్లకు సరిపోయే గుణకాలతో (లీటరుకు, యూనిట్‌కు ఇన్ని కిలోలని చెప్పే అంకెలతో) ఒక పేజీ తెలుగు పత్రం తయారు చేయాలి. జిల్లాకు ఒకరు చొప్పున లెక్క తెలిసిన యువతకు జీతమిచ్చి, సంస్థల దగ్గరికి పంపాలి. మొదటి ఏడాది ఏ లక్ష్యమూ పెట్టకూడదు, ఎవరి నిధీ కోయకూడదు, పుస్తకం నింపితే చాలు. రెండో ఏడాది ఎవరి పుస్తకం వాళ్లే చూసుకుని, ఎక్కడ తగ్గించాలో వాళ్లే చెబుతారు.

కోశాధికారి గారికి ఈ లెక్కంతా చెప్పినప్పుడు ఆయన వెంటనే ఏమీ అనలేదు. కాసేపటికి స్కేలు తీసి, వచ్చే ఏటి పేజీలో ‘మొత్తం రూ.’ అన్న గడి పక్కన ఇంకో నిలువు గీత గీశారు. పైన ఏమని రాయాలని అడిగారు. ప్రస్తుతానికి ‘లీ., యూ., కి.మీ.’ అని రాయమన్నాను.