లాభనష్టాల ఖాతాలో నక్కవాగు ఎక్కడుంది?

హైదరాబాద్ శివారు పటాన్‌చెరు చుట్టుపక్కల బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాల) ప్లాంట్ల ప్రొడక్షన్ విభాగాల్లో పదకొండేళ్లు పనిచేసిన అనుభవంతో ఇది రాస్తున్నాను. కంపెనీల పర్యావరణ నీతి గురించి ఎక్కడ చర్చ జరిగినా, దానివల్ల లాభం తగ్గుతుందా పెరుగుతుందా అన్న దగ్గరే మాట ఆగిపోతోంది. ఆ లాభాన్ని ఎలా లెక్కగట్టారని అడిగేవారు తక్కువ. ఈ ఫ్యాక్టరీల వ్యర్థాలు చేరే నక్కవాగు నీళ్లు పారించుకుని పాడైన వరి మడి ఏ కంపెనీ ఖర్చుల పద్దులోనూ ఉండదు. ఆ నష్టాన్ని రైతు మోశాడు కాబట్టే కొందరి మార్జిన్లు అంత బాగా కనిపించాయి.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఒక వానాకాలపు రాత్రి షిఫ్టులో, సెంట్రిఫ్యూజ్ నుంచి వచ్చిన మదర్ లిక్కర్‌తో (మందు స్ఫటికాలు వేరుచేశాక మిగిలే ద్రవంతో) నిల్వ ట్యాంకు అంచుదాకా నిండింది. ట్యాంకరు పిలిపించి శుద్ధి కేంద్రానికి పంపడానికి ఖర్చవుతుందని, పైనుంచి అనుమతి లేదని చెప్పి, ఇన్‌చార్జి వాల్వు తిప్పించాడు. టార్చిలైటు పట్టుకుని నిలబడ్డది నేనే. ముదురు తేనె రంగు ద్రవం వాననీటి కాలువలోకి జారింది, టోలీన్ అనే ద్రావకం ఘాటుకు కళ్లు మండాయి, అరగంటలో వాన ఆనవాలు లేకుండా కడిగేసింది. పొద్దున గేటు బయట టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన నా యూనిఫాం చూసి, "ఈ నీళ్లల్ల బర్రెలు గూడ మూతి పెడ్తలేవు సారూ" అన్నాడు. కోపంగా అనలేదు, నేనేదో చేయగలనన్న నమ్మకంతో అన్నాడు. ఆ నెల మా యూనిట్ ఉత్పత్తి ఖర్చు తగ్గిందని మేనేజర్లు అభినందనలు అందుకున్నారు. ఆ అభినందనలో ఆయన నీళ్లకు జరిగిన నష్టం కూడా ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

ఇది ఒక యూనిట్‌కు పరిమితమైన కథ కాదు. పటాన్‌చెరులో సుమారు 90 మందుల తయారీ యూనిట్ల వ్యర్థజలాలు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయ్యాక బయటికి వస్తున్న నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటిబయాటిక్ తేలింది. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండే గరిష్ఠ స్థాయిని మించిన మోతాదు అది. మందులకు లొంగని బ్యాక్టీరియాను పెంచడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. వాగు నీళ్లే కాదు, ఒక మందు పనిచేసే శక్తి కూడా అక్కడ ఖర్చయిపోతోంది. దాని ధర చెల్లించేది ఎక్కడో ఏ ఆస్పత్రిలోనో ఇన్‌ఫెక్షన్ ముదిరి సెప్సిస్‌తో పడుకున్న మనిషి.

అయితే పర్యావరణం మీద పెట్టే ఖర్చంతా ఒకే రకమైనది కాదన్న సంగతి బయటివారికి తెలియదు, చాలామంది యజమానులూ ఒప్పుకోరు. జీరో లిక్విడ్ డిశ్చార్జి (చుక్క వ్యర్థజలం కూడా బయటికి వదలకపోవడం) అని గొప్పగా చెప్పుకునే ప్లాంటులో జరిగేదేమిటంటే, వ్యర్థజలాన్ని ఎవాపరేటర్లలో ఆవిరి పెట్టి మరిగించి, మిగిలిన ఉప్పును లారీల్లో దుండిగల్ వ్యర్థాల కేంద్రానికి పంపడం. ఆ ఆవిరి కోసం బాయిలర్లో బొగ్గు మండాలి. ఈ పని తప్పక చేయాలి, కానీ ఇందులో కంపెనీకి తిరిగి వచ్చే రూపాయి దాదాపు ఉండదు. అందుకే పర్యావరణమంటే నష్టమేనన్న అభిప్రాయం మన పరిశ్రమలో పాతుకుపోయింది.

లాభం దొరికేది అంతకన్నా ముందు, రియాక్టర్ దగ్గర. ఒక కిలో సరుకు తయారీలో ఎన్ని కిలోల వ్యర్థం వస్తుందో చెప్పే 'ఈ-ఫ్యాక్టర్' అనే కొలతను రోజర్ షెల్డన్ 1992లో ముందుకు తెచ్చారు. చమురు శుద్ధిలో అది 0.1 లోపే ఉంటే, మందుల తయారీలో 25 నుంచి 100 దాటి పోతుంది. అంటే డబ్బు పెట్టి కొన్న ముడిసరుకులో చాలా భాగాన్ని, మళ్లీ డబ్బు పెట్టి పారబోస్తున్నాం. సెర్ట్రాలిన్ అనే డిప్రెషన్ మందు తయారీని ఫైజర్ ఈ కోణం నుంచే తిరగరాసింది. మూడు దశలను ఒకటిగా కలిపి, డైక్లోరోమీథేన్, టోలీన్, హెక్సేన్, టీహెచ్‌ఎఫ్ అనే నాలుగు సాల్వెంట్లనూ (ద్రావకాలనూ) తీసేసి ఇథనాల్ ఒక్కదాంతో పని జరిపింది. టన్ను మందుకు 60,000 గ్యాలన్లు పట్టే సాల్వెంట్ 6,000కు దిగింది, దిగుబడి రెట్టింపైంది. 2002లో అమెరికా ప్రభుత్వ గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు దానికే వచ్చింది. దిగుబడి రెట్టింపు కావడమంటే ఏమిటో ప్లాంటులో పనిచేసిన ఎవరినైనా అడగండి, అంతకుమించిన పొదుపు ఏ పర్చేజ్ డిపార్ట్‌మెంటూ తేలేదు.

మరి అందరూ ఎందుకు చేయడం లేదు? అనుమతి పొందిన మందు తయారీ పద్ధతి మార్చాలంటే మళ్లీ వాలిడేషన్ బ్యాచ్‌లు (కొత్త పద్ధతి నిలకడగా పనిచేస్తుందని నిరూపించేవి) తీయాలి, మందు ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందో చూపే స్టెబిలిటీ డేటా ఇవ్వాలి, కొనే దేశాల నియంత్రణ సంస్థల ఆమోదం తెచ్చుకోవాలి. కిలోకు రూపాయి తేడాతో ఆర్డర్ చేజారిపోయే చిన్న యూనిట్‌కు అంత ఓపిక, అంత పెట్టుబడి ఉండవు. నీతి ఉన్న యజమాని ధరలో ఓడిపోయి, కాలువలోకి వదిలేవాడు గెలిచే బజారును అలాగే ఉంచి, కంపెనీలు మారడం లేదని బాధపడటం న్యాయం కాదు. నార్వే ఆస్పత్రుల కొనుగోలు సంస్థ యాంటిబయాటిక్ టెండర్లలో పర్యావరణానికి 30 శాతం వెయిటేజి పెట్టి ఆ బజారు నియమాన్ని కొంత మార్చింది. మన దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థజల నియమాల 2020 జనవరి ముసాయిదాలో యాంటిబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెట్టిన కేంద్ర ప్రభుత్వం, 2021 ఆగస్టు తుది నోటిఫికేషన్ నుంచి వాటిని తొలగించింది. శుభ్రంగా పనిచేయడానికి అప్పటికే పెట్టుబడి పెట్టిన కంపెనీలకు జరిగిన అన్యాయంగానే దాన్ని నేను చూస్తాను. మన ప్రభుత్వ ఆస్పత్రులకు మందులు కొనే సంస్థలైనా టెండరులో ధర పక్కన ఈ లెక్కకు చోటివ్వాలి.

స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకు పర్యావరణ, సామాజిక బాధ్యతల నివేదిక తప్పనిసరి చేసింది. నేను వాటిని శ్రద్ధగా చదువుతాను. నాటిన మొక్కల ఫొటోలు చూశాక నేను వెతికేది ఒక్కటే, కిలో మందుకు ఎన్ని కిలోల వ్యర్థం అన్న అంకె. ఉత్పత్తి వారీగా ఆ అంకె నాకు ఇంతవరకు కనబడలేదు. కంపెనీ దగ్గర అది లేక కాదు. ప్రతి బ్యాచ్ రికార్డులోనూ లోపలికి పోసిన ప్రతి పదార్థం బరువూ, బయటికి వచ్చిన సరుకు బరువూ షిఫ్టులో ఉన్నవాళ్లం సంతకాలు పెట్టి మరీ రాస్తాం. ఆ రెండింటి తేడా ఎంతో లెక్కగట్టి చూడటానికి పక్కన ఒక గడి చాలు.